పక్క కణంలోకి దాటే వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలంటే

ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఇలాగే వస్తారు. చేతిలో ఐస్ డబ్బా, అందులో చిన్న ట్యూబు, ట్యూబు అడుగున ఆవగింజంత తెల్లటి కణాల ముద్ద. "మేడం, వైరస్ ఒక కణం నుంచి ఇంకో కణంలోకి ఎలా పోతుందో ఫొటో కావాలి. డిష్‌లోంచి కణాలు గీకి తెచ్చేశాను" అంటారు. రాత్రంతా మేలుకున్న అలసట ఆ పిల్లల కళ్ళలో కనిపిస్తూనే ఉంటుంది. అందుకే మెల్లగా చెబుతాను: "అమ్మా, ఇందులో వైరస్ దొరుకుతుంది. వైరస్ దాటడం దొరకదు. అది నువ్వు గీకినప్పుడే తెగిపోయింది."

పందొమ్మిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఈ మైక్రోస్కోప్ గదిలోనే నా ఉద్యోగం. అంతకుముందు ఒక ఆస్పత్రిలో కిడ్నీ బయాప్సీలు కోసేదాన్ని. వైరస్ పనిలోకి మారిన కొత్తలో నేనూ రెండు నెలలపాటు గీకిన ముద్దలే కోశాను. కణాల లోపల వైరస్‌లు బారులు తీరి కనిపించేవి. మధ్యలో మాత్రం ఖాళీ. ఏ కణం పక్కన ఏ కణం ఉండేదో చెప్పే దారి లేదు, ఎందుకంటే ముద్దలో పక్కపక్కన ఉన్నవి డిష్‌లో ఇరుగుపొరుగు కావు. ఈ పనిలో మనం చూడవలసింది కణాన్ని కాదు, రెండు కణాల మధ్య సందును. కొన్నిచోట్ల ఆ సందు 20 నానోమీటర్లు కూడా ఉండదు. అది చెదరకుండా మైక్రోస్కోప్ దాకా తెచ్చామా లేదా అన్నదే అసలు ప్రశ్న. కింద రాసేదంతా దానికోసమే.

ఏ వైరస్‌తో నేర్చుకోవాలి

వాక్సీనియాతో మొదలుపెట్టమంటాను. మా అమ్మమ్మ ఎడమ భుజం మీద రూపాయి బిళ్ళంత గుంట మచ్చ ఉండేది. మశూచికి వేసిన టీకా మచ్చ. మన ఇళ్ళల్లో డెబ్బై దాటినవాళ్ళ భుజాలు చూడండి, చాలామందికి ఉంటుంది. ఆ టీకాలో ఉన్నది వాక్సీనియా వైరసే. చర్మంలో ఒక కణం నుంచి పక్క కణానికి పాకుతూ అది చేసిన గాయమే మచ్చగా మిగిలింది. ఊళ్ళకు ఊళ్ళు అమ్మవారు పోసి చచ్చిపోయిన రోజులను ఈ వైరస్ ఆపింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. దీన్ని తెర మీద చూసిన ప్రతిసారీ నాకు అమ్మమ్మ భుజమే గుర్తొస్తుంది.

పని పరంగా చూసినా ఇది మంచి ఎంపిక. దాదాపు 350 నానోమీటర్ల పొడవు, 250 వెడల్పు ఉండే ఇటుక ఆకారం. వైరస్‌లలో ఇది భారీ శరీరమే. కొత్తవాళ్ళ కంటికి కూడా ఆనుతుంది. 1938లో బెర్లిన్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కనిపెట్టిన ఎర్నెస్ట్ రుస్కా, ఆయన తమ్ముడు డాక్టర్ హెల్ముట్ రుస్కా, బోడో ఫాన్ బోరిస్ అచ్చువేసిన తొలి వైరస్ ఫొటోల్లో ఉన్నవి ఈ పాక్స్ కుటుంబం వైరస్‌లే. అయితే ఇది బ్రతికున్న వైరస్ కాబట్టి బయోసేఫ్టీ కమిటీ అనుమతి, రెండో స్థాయి ల్యాబ్, గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే ప్రమాదం.

ఇది దాటే పద్ధతి ముందే తెలుసుకోకపోతే ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేం. వైరస్ తయారయ్యేది కేంద్రకంలో కాదు, సైటోప్లాజంలో. అక్కడ వైరస్ ఫ్యాక్టరీ అనే లేతరంగు ప్రాంతం ఏర్పడుతుంది. అందులో ముందు నెలవంకల్లాంటి పొరలు, తర్వాత గుండ్రటి పచ్చి వైరస్‌లు, ఆ తర్వాత ఒకే పొర ఉన్న ఇటుకలు. వాటిలో కొన్ని మాత్రమే గాల్జీ అనే సంచుల దొంతర వైపు వెళ్ళి మరో రెండు పొరలు కప్పుకుంటాయి. మొత్తం మూడు. అవి కణం అంచుకు చేరాక బయటి పొర కణం పొరలో కలిసిపోతుంది. రెండు పొరలతో మిగిలిన వైరస్ బయటికి వచ్చి కణానికే అతుక్కుని కూర్చుంటుంది. సరిగ్గా దాని కింద, కణం లోపలి వైపు, ఏ36 అనే వైరస్ ప్రోటీన్ కణంలో పోగులుగా అల్లుకునే యాక్టిన్ అనే ప్రోటీన్‌ను పోగేస్తుంది. యాక్టిన్ పోగులు పెరిగి పెరిగి వైరస్‌ను వేలి కొనమీద పెట్టి తోసినట్టు పక్క కణంలోకి తోస్తాయి. 1976లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త హై వోల్టేజ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కోయని కణాలను చూసినప్పుడు ఈ వేళ్ళ కొసన వైరస్‌లు కనిపించాయి. 1995లో హైడెల్‌బర్గ్‌లో మైకేల్ వే బృందం వైరస్‌ను తోసేది యాక్టినే అని, దాని వేగం నిమిషానికి 2.8 మైక్రాన్లని తేల్చింది. మనం వెతికేది ఆ వేలినే.

కణాలు ఉన్నచోటే ఉండాలి

హీలా అనే, ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలనైనా, కోతి కిడ్నీ కణాలనైనా ఖాళీలు లేకుండా నిండుగా పరుచుకునేదాకా పెంచండి. పెంచేది మామూలు ఫ్లాస్క్‌లో కాదు. రెసిన్‌కు (కోయడానికి వీలుగా చివర్లో కణాల చుట్టూ పోసి గట్టిపరిచే జిగురు) అంటుకోని ప్లాస్టిక్ కవర్‌స్లిప్ అనే పల్చటి రేకు మీద గానీ, అడుగున అక్షరాల గడులు చెక్కిన డిష్‌లో గానీ పెంచాలి. గడుల డిష్ ఖరీదెక్కువే, కానీ వైరస్‌కు ఆకుపచ్చ వెలుగునిచ్చే ప్రోటీన్ తగిలించి ఉంటే మామూలు మైక్రోస్కోప్‌లో చూసి "డీ7 గడిలో వెలుగుతున్న కణం, దాని పక్కన చీకటి కణం" అని రాసిపెట్టుకోవచ్చు. ఆ గడుల అచ్చు తర్వాత రెసిన్ ముఖం మీద తిరగబడి పడుతుంది. ఏ జంటను ముందు చూశామో దాన్నే కోయవచ్చు.

వైరస్ తక్కువ వేయండి. అన్ని కణాలకూ ఒకేసారి సోకితే ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు అన్న ప్రశ్నకు అర్థమే ఉండదు. సోకినవి అక్కడొకటి ఇక్కడొకటి ఉండి, చుట్టూ సోకనివి ఉండాలి. 8 గంటలకు ఒక డిష్, 12కు ఒకటి, 18కి ఒకటి ఆపండి. వైరస్ వేయని డిష్ ఒకటి ప్రతి సమయానికీ ఉండాలి. ఈ చివరి మాట ఎవరూ వినరు, తర్వాత అందరూ బాధపడతారు.

ఫిక్సేషన్‌లో, అంటే కణాలను ఉన్నవి ఉన్నట్టే రసాయనంతో బిగించడంలో, తొందర పనికిరాదు. ఐస్ మీద పెట్టిన ద్రావణం దబ్బున పోస్తే కణాలు ముడుచుకుంటాయి, కణానికి ఊతమిచ్చే మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు విడిపోతాయి, మనకు కావలసిన వేళ్ళు వెనక్కి లాక్కుపోతాయి. నేను చేసేది ఇది: 5 శాతం గ్లుటరాల్డిహైడ్‌ను 37 డిగ్రీలకు వెచ్చబెట్టి, డిష్‌లో కణాలు పెరిగే ద్రవానికి, అంటే మీడియానికి, సమానంగా, గోడ వారగా మెల్లగా పోస్తాను. మీడియం తీసేయను. అయిదు నిమిషాలయ్యాక అంతా తీసి, 0.1 మోలార్ కాకోడైలేట్ బఫర్‌లో పీహెచ్ 7.4 దగ్గర 2.5 శాతం గ్లుటరాల్డిహైడ్ పోసి గంటసేపు ఉంచుతాను. ఇందులో 0.2 శాతం టానిక్ యాసిడ్ కలిపితే యాక్టిన్ పోగులు నిలబడతాయి. కాకోడైలేట్‌లో ఆర్సెనిక్ ఉంటుందని మరవకండి. డిష్ ల్యాబ్ దాటి బయటికి ఎప్పుడు రావచ్చో మీ కమిటీ రాతపూర్వకంగా ఇచ్చిన సమయమే లెక్క.

బఫర్‌తో మూడుసార్లు కడిగి, ఆస్మియం. 1 శాతం ఆస్మియం టెట్రాక్సైడ్, 1.5 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్ కలిపి, ఐస్ మీద, చీకట్లో, అరగంట. పొరలు నల్లగా గీత గీసినట్టు వచ్చేది దీనివల్లే. ఎక్కువసేపు ఉంచితే ఆస్మియమే యాక్టిన్ పోగులను తినేస్తుంది. అందుకే నేను గంట దాకా పోను. దీని ఆవిరి కంటి పొరను కూడా కణాల మాదిరే ఫిక్స్ చేసేస్తుంది, ఫ్యూమ్ హుడ్ దాటి ఒక్క చుక్క బయటికి రాకూడదు.

మొదటినుంచే ఇంకో డిష్ పక్కన పెట్టుకోమంటాను. దానికి ఫెర్రోసయనైడ్ వద్దు. గ్లుటరాల్డిహైడ్‌లోనూ ఆస్మియంలోనూ కొంచెం రుథీనియం రెడ్ కలపండి. ఇది కణం పొరను దాటి లోపలికి పోలేదు. బయటికి తెరిచి ఉన్న చోట్లన్నీ నల్లబడతాయి, మూసుకున్న సంచులు తెల్లగా ఉండిపోతాయి. పక్క కణం కడుపులో వైరస్ ఉన్నట్టు కనిపించినప్పుడు అది నిజంగా లోపల ఉందా, సందు లోపలికి సాగిందా అన్నది ఈ నలుపు చెబుతుంది.

తర్వాత 1 శాతం యురానిల్ ఎసిటేట్‌లో రాత్రంతా ఫ్రిజ్‌లో. ఆపైన 50, 70, 90 శాతం ఇథనాల్, తర్వాత నీళ్ళు లేని ఇథనాల్ మూడు మార్లు. మార్చేటప్పుడు కణాలు ఒక్క క్షణం కూడా ఆరకూడదు. జులై, ఆగస్టుల్లో మన గాలిలో తేమ ఎంత ఉంటుందో తెలుసు కదా, మూత తీసిన ఇథనాల్ సీసా గంటలో నీళ్ళు తాగేస్తుంది. అలా జరిగితే రెసిన్ జిగటగా మిగిలిపోతుంది. ఆ నెలల్లో కొత్త సీసా తెరిచి, నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్ గుళికలు వేసి వాడతాను. ఎపాన్ రెసిన్‌ను ఇథనాల్‌తో సగం సగం, తర్వాత పూర్తిగా, రెండు మార్పులు. చివరికి రెసిన్ నింపిన క్యాప్సూల్‌ను మనం గుర్తుపెట్టుకున్న గడి మీద బోర్లించి, 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు. ప్లాస్టిక్ కవర్‌స్లిప్ ఒలిస్తే ఊడొస్తుంది. గాజు అయితే ద్రవ నత్రజనిలో ఒక్కసారి ముంచి తీయాలి.

కోత

డిష్‌కు సమాంతరంగా కోయండి. అలా కోస్తే పక్కపక్క కణాలు మ్యాప్‌లో జిల్లాల్లా సరిహద్దులతో సహా కనిపిస్తాయి. మొదటి సెక్షన్లలో, అంటే కోసిన పల్చటి రేకుల్లో, కణం అడుగు భాగమే ఉంటుంది, నిరాశపడవద్దు. ఒకటి రెండు మైక్రాన్లు పైకి వెళ్ళాక సందులు మొదలవుతాయి.

డైమండ్ నైఫ్ వెనక చిన్న పడవలాంటి తొట్టి, అందులో నీళ్ళు అంచుదాకా. బ్లాక్ కిందికి దిగుతుంది, అంచును తాకుతుంది, సెక్షన్ నీటి మీదికి జారుతుంది. దాని వెనక ఇంకొకటి. అన్నీ ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా సాగుతాయి. వాన నీటి మీద పెట్రోలు చుక్క పడితే వచ్చే రంగులే వీటికీ వస్తాయి. బూడిద రంగు ఉంటే మరీ పల్చన, బంగారు రంగైతే దళసరి, ఊదా అయితే ఇంకా దళసరి. మనకు కావలసింది వెండి రంగు, అంటే దాదాపు 70 నానోమీటర్లు. వాటిని కదపడానికి ఏ పనిముట్టూ అంత సుతారంగా ఉండదు. పళ్ళపుల్ల చివర గోళ్ళరంగుతో అంటించిన కనురెప్ప వెంట్రుక ఒక్కటే పనికొస్తుంది. నా పెట్టెలో నాలుగున్నాయి, నాలుగూ నా రెప్పలవే. క్లోరోఫాం తడిపిన దూదిని నీటి పైన ఒక్క సెకను తిప్పితే ముడతపడ్డ సెక్షన్లు చాప పరిచినట్టు సాఫీ అవుతాయి. ఆ సెకనులో నేను ఊపిరి బిగబట్టే ఉంటాను, ఇప్పటికీ.

ఒక్క సెక్షన్‌తో తృప్తిపడకండి. 350 నానోమీటర్ల వైరస్ నాలుగైదు సెక్షన్లలో పంచబడి ఉంటుంది. దాన్ని తోసే వేలు ఇంకా ఎక్కువ సెక్షన్లలో ఉంటుంది. ముప్పై దాకా వరుసగా, వరుస తప్పకుండా, ఫార్మ్‌వార్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర వేసిన స్లాట్ గ్రిడ్ల (మధ్యలో ఒకే పొడవాటి రంధ్రం ఉన్న చిన్న లోహపు బిళ్ళల) మీదికి ఎత్తుకోండి. మామూలు జాలీ గ్రిడ్ మీద సరిగ్గా కావలసిన చోటే లోహపు గీత అడ్డొస్తుంది.

లెడ్ సిట్రేట్ రంగు మూడు నాలుగు నిమిషాలు, మూసిన పెట్రీ డిష్‌లో సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు చుట్టూ పెట్టి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే సీసం నల్లటి చుక్కలుగా పేరుకుంటుంది, ఆ చుక్కలను వైరస్‌లని నమ్మినవాళ్ళను చూశాను.

తెర ముందు

80 గానీ 120 గానీ కిలోవోల్టుల దగ్గర, ముందు రెండు వేల రెట్ల దగ్గరే ఆగండి. గడి మ్యాప్ పక్కన పెట్టుకుని మీ జంట కణాలను పోల్చుకోండి. ఫ్యాక్టరీ ఎందులో ఉంది, ఎందులో లేదు, సందు ఎటు పోతుంది, అంతా కాగితం మీద గీయండి. తర్వాతే ముప్పై వేల రెట్లకు వెళ్ళండి. మొదటే పెద్దగా చూస్తే అందమైన వైరస్ ఒకటి దొరికి, అది ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

పండిన వాక్సీనియాకు గుర్తు మధ్యలో ఉండే నల్లటి కోర్. ఒక వైపు నుంచి తెగితే ఢమరుకంలా నడుం సన్నగా, ఇంకో వైపు నుంచి తెగితే నిండు అండాకారంలా ఉంటుంది. ఆకారం గుర్తుపట్టాక పొరలు లెక్కపెట్టండి. ఒక పొర అయితే ఇంకా దాటే స్థితికి రాలేదు. మూడు అయితే దారిలో ఉంది. రెండు పొరలతో కణం బయట అంటుకుని, కింద యాక్టిన్ పోగులుంటే, అదే మనది.

వేలు ఎలా తెగుతుందో కూడా ఊహించుకోవాలి. బెండకాయను నిలువుగా కోస్తే బెండకాయేనని తెలుస్తుంది, అడ్డంగా కోస్తే చక్రమే. పక్క కణంలోకి గుచ్చుకున్న వేలు కొనదగ్గర అడ్డంగా తెగితే, వైరస్, దాని చుట్టూ సన్నటి ఖాళీ, ఆ చుట్టూ పక్క కణం పొర కనిపిస్తాయి. అచ్చం సంచిలో ఉన్నట్టే. ఒక సెక్షన్ చూసి "లోపలికి వెళ్ళింది" అని రాసేవాళ్ళంతా ఇక్కడే పొరబడతారు. నిజంగా లోపలికి వెళ్ళిన వాక్సీనియా పొరలన్నీ విడిచేసి ఉంటుంది, సైటోప్లాజంలో కోర్ మాత్రమే మిగులుతుంది. పక్క కణం సైటోప్లాజంలో పొర కప్పుకున్న ఇటుక కనబడితే అది అక్కడే పుట్టింది, అప్పుడే వచ్చింది కాదు.

దిశ గురించి ఇంకో హెచ్చరిక. ఫొటోలో కదలిక ఉండదు. వేలు ఎటు ఉందో అటే వైరస్ పుట్టిందని అనుకోవడం సహజం, కానీ వాక్సీనియా ఇక్కడ ఒక వింత చేస్తుంది. లండన్‌లో జెఫ్రీ స్మిత్ బృందం 2010లో చూపించింది: కొత్త వైరస్ తయారవడానికి అయిదారు గంటలు పడితే, పాకడం మాత్రం గంటా పావుకు ఒక కణం చొప్పున సాగిపోతుంది. కారణం, అప్పుడే సోకిన కణం తన పొర మీద ఏ33, ఏ36 ప్రోటీన్లను ముందే పెట్టేస్తుంది. దాని మీద మరో వైరస్ వాలితే, ఇక్కడ చోటు లేదన్నట్టు యాక్టిన్ వేలు లేపి అవతలికి తోసేస్తుంది. అంటే ఫ్యాక్టరీ లేని కణం కూడా వేలు చాపగలదు, అది పుట్టించని వైరస్‌తో. అందుకే మూడు సమయాల డిష్‌లు, అందుకే వెలుగు కణం, చీకటి కణం లెక్క. ఒక్క ఫొటో ఆధారంగా ఇటు నుంచి అటు అని బాణం గీయకండి.

కిడ్నీ బయాప్సీల రోజులు నాకు నేర్పింది ఒకటుంది. 2020లో కోవిడ్ రోగుల కిడ్నీల్లో కరోనా వైరస్ కనబడిందంటూ వచ్చిన ఫొటోల్లో చాలావాటిని అనుభవజ్ఞులు ఒప్పుకోలేదు. అవి మామూలు కణాల్లో రోజూ కనిపించే, క్లాథ్రిన్ అనే ప్రోటీన్ తొడుగున్న సంచులు, లేదా చిన్న సంచుల్ని కడుపులో దాచుకున్న పెద్ద సంచులు. తేడా సూటిగానే ఉంటుంది. కరోనా వైరస్ కణం లోపల పొర ఉన్న సంచిలో ఉంటుంది, లోపల నల్లటి చుక్కలుంటాయి. క్లాథ్రిన్ సంచి విడిగా సైటోప్లాజంలో ఉంటుంది, తొడుగు సైటోప్లాజం వైపే ఉంటుంది. ఆ ఫొటోలు చూసిన రోజు నాకు బాధేసింది, వైరస్ వేయని డిష్ విలువ మళ్ళీ గుర్తొచ్చింది. ఏ వైరస్‌తో చేసినా, అనుమానం వచ్చిన ప్రతి ఆకారాన్నీ ముందు ఆ డిష్ సెక్షన్లలో వెతకండి.

పోయిన వానాకాలంలో ఒక అమ్మాయి, ఈసారి ట్యూబు కాకుండా డిష్‌తోనే వచ్చింది. మూడు వారాల తర్వాత, సాయంత్రం ఏడు దాటాక, తెర మీద 14వ సెక్షన్‌లో పక్క కణం లోపల గుండ్రటి సంచి, అందులో రెండు పొరల వైరస్. "మేడం, వెళ్ళిపోయింది!" అని లేచి నిలబడింది. నేను కూర్చోమని, 15కు జరిపాను. సంచి కాస్త పెద్దదైంది. 17లో కోడిగుడ్డులా ఒక పక్కకు సాగింది, వైరస్ అంచు మాత్రమే మిగిలింది. 19లో వైరస్ లేదు, దాని చోట చీపురు కట్టలా యాక్టిన్ పోగులు. 22లో సంచి గోడ తెరుచుకుని సందులో కలిసింది. 26లో ఆ చీపురు కట్ట అవతలి కణంలోకి, వెలుగుతున్నదని మేం ముందే రాసుకున్న డీ7 కణంలోకి చేరింది. రుథీనియం డిష్‌లో అలాంటివే మరో మూడు సంచులు చూశాం, మూడూ నల్లగానే ఉన్నాయి. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నోట్‌బుక్ తెరిచి, "లోపలికి చేరినవి" అన్న గడిలో రాసిన అంకెను కొట్టేసి, "ఇంకా సందులోనే" అన్న గడిలో నాలుగు గీతలు పెట్టింది.